సర్వర్ రూమ్‌కి బ్యాకప్: బ్యాటరీలా, జనరేటరా, సోలారా? నెల్లూరు ఎండలో వేసిన లెక్క

మే నెలాఖరు, రోహిణి కార్తె. మధ్యాహ్నం రెండున్నరకు కరెంటు పోయింది. మా కాలేజీ సర్వర్ రూమ్‌లో యూపీఎస్ కీచుమంటోంది కానీ నాకేమీ టెన్షన్ లేదు. బ్యాటరీలు కొత్తవి, గంటకు పైనే లాగుతాయని సప్లయర్ చెప్పి నెల కూడా కాలేదు. ఇరవై నిమిషాల తర్వాత లోపలికి వెళ్తే తలుపు తీయగానే ఇటుకల బట్టీ దగ్గర నిలబడ్డట్టు వేడి ముఖాన కొట్టింది. గోడకున్న థర్మామీటర్ 41 చూపిస్తోంది. రెండు సర్వర్లు అప్పటికే వేడికి వాటంతటవే ఆగిపోయాయి, మూడోది నా కళ్ల ముందే ఆగింది. యూపీఎస్ డిస్‌ప్లే మీద మాత్రం బ్యాటరీ 72 శాతం.

బ్యాటరీలో సరుకుంది, గదిలో చల్లదనం లేదు. ఏసీని యూపీఎస్ మీద పెట్టలేదు. ఎవరూ పెట్టరు కూడా, ఎందుకంటే ఒక్క ఏసీ తినేదానికి బ్యాటరీలు రెట్టింపు కావాలి. అంటే గంట బ్యాకప్ కోసం పోసిన డబ్బులో ముప్పావు వంతు ఎండాకాలంలో పనికిరాని డబ్బే. ఆ రోజు నుంచి ఎవరు "సార్, మా ల్యాబ్‌కి ఎంత బ్యాకప్ పెట్టించాలి?" అని అడిగినా, ముందు మీ గది ఏసీ లేకుండా ఎన్ని నిమిషాలు ఓర్చుకుంటుందో చూసుకోమని చెబుతున్నాను.

నెల్లూరు, ఒంగోలు వైపు కాలేజీల్లో, పరిశోధన కేంద్రాల్లో ఇప్పుడు ఒకటి రెండు ర్యాకుల (సర్వర్లు పేర్చే ఇనుప అరల) సర్వర్లు మామూలైపోయాయి. రొయ్యల చెరువుల సెన్సర్ లెక్కలు, వరి మడుల ఫొటోలు, వాతావరణ మోడళ్లు, పిల్లల ఏఐ ప్రాజెక్టులు అన్నీ వాటి మీదే. శ్రీహరికోట మన జిల్లాలో ఉన్నన్నాళ్లూ రీసెర్చ్ అంటే అటువైపు చూపించేవాళ్లం. 2022లో సూళ్లూరుపేటతో పాటు అది తిరుపతి జిల్లాకు వెళ్లింది కాబట్టి ఇక మన చిన్న గదుల గురించే మాట్లాడుకుందాం. పెద్ద డేటా సెంటర్ల కోసం రాసిన సలహాలు ఈ గదులకు అతకవు. అక్కడ ఒక్క క్షణం ఆగితే బ్యాంకు లావాదేవీ పోతుంది. ఇక్కడ ఆగితే రేపు పొద్దున మళ్లీ నడుపుకోవచ్చు, డేటా చెడకుండా ఉంటే చాలు.

ఈ తేడా నాకు అర్థమయ్యేలా చెప్పింది ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతు. వాళ్ల చెరువు మీద సెన్సర్లు పెట్టడానికి వెళ్లినప్పుడు జనరేటర్ షెడ్ చూపించాడు. ఒకటి నడిచేది, పక్కనే ఇంకోటి స్పేర్. "ఎందుకన్నా రెండు?" అంటే, "రాత్రిపూట నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే రెండు మూడు గంటల్లో రొయ్య తేలిపోద్ది సార్. మీ కంప్యూటర్ మాదిరి మళ్లీ ఆన్ చేస్తే రాదు" అన్నాడు. నిజమే. ఆయనకు రెండు జనరేటర్లు ఖర్చు కాదు, పెట్టుబడి. మనం ఆయన్ని చూసి అలాగే కొంటే అది డాబు.

కాబట్టి కొనేముందు ర్యాక్‌లో ఉన్నవాటిని రెండు కుప్పలుగా విడదీయండి. ఒకటి, కరెంటు పోయినా ఎంతో కొంత సేపు బతికి ఉండాల్సినవి: డేటా దాచే స్టోరేజ్, బయటి సెన్సర్ల నుంచి లెక్కలు అందుకునే చిన్న సర్వర్, నెట్‌వర్క్ స్విచ్, బయటి దాడులను ఆపే ఫైర్‌వాల్. రెండోది, లెక్కలు దంచే జీపీయూలు, కంప్యూట్ సర్వర్లు. మా ర్యాక్ మొత్తం 4 కిలోవాట్లు లాగుతుంది. అందులో మొదటి కుప్ప వాటా 600 వాట్లు కూడా లేదు! రెండో కుప్పకు కావాల్సింది చేస్తున్న పనిని డిస్క్ మీద భద్రం చేసుకుని మర్యాదగా ఆగిపోయే సమయం, అంటే ఐదారు నిమిషాలు. అవి ఆగాక గదిలో వేడి కూడా ఆరో వంతుకు పడిపోతుంది. 600 వాట్లను తలుపు తెరిచి, ఒక పెడస్టల్ ఫ్యాన్ పెట్టి కూడా నెట్టుకురావచ్చు.

ఇప్పుడు యూపీఎస్ సంగతి. కొనేవాళ్లంతా కరెంటు పోయినప్పుడు అది ఏం చేస్తుందో అడుగుతారు. కరెంటు ఉన్నప్పుడు ఏం తింటుందో అడిగేవాళ్లు తక్కువ. ఏడాదికి 8,760 గంటలు. అందులో కరెంటు లేనివి ఎన్ని ఉంటాయి? మిగతా గంటలన్నీ యూపీఎస్ ఊరికే కూర్చుని కమీషన్ తీసుకుంటూనే ఉంటుంది. 88 శాతం సామర్థ్యం ఉన్న పాత యూపీఎస్ మా 4 కిలోవాట్లు ఇవ్వడానికి లైన్ నుంచి 4.55 లాగేది. 95 శాతం ఉన్నది 4.21తో సరిపెడుతుంది. తేడా ఏడాదికి 2,900 యూనిట్ల పైచిలుకు. అదంతా వేడిగా మారి గదిలోనే పడుతుంది కాబట్టి దాన్ని బయటికి తోలడానికి ఏసీ తినేది మరో వెయ్యి. యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా ఏడాదికి 35 వేలు గాల్లో కలిసినట్టే. రెండు కొటేషన్ల మధ్య నలభై వేల తేడా చూసి తక్కువది కొంటే మిగిలేది ఏమీ లేదు.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. బ్రోచర్‌లో రాసే 95 శాతం సగానికి పైగా లోడ్ ఉన్నప్పటి మాట. "రేపు పెరుగుతుంది కదా, ఇప్పుడే 20 కేవీఏ తీసుకోండి" అని అమ్మేవాళ్లు చెబుతారు. కేవీఏ అంటే యూపీఎస్ ఎంత లోడ్ మోయగలదో చెప్పే కొలత, ఇంచుమించు కిలోవాట్ లాంటిదే. 20 కేవీఏ మీద 4 కిలోవాట్లు నడిపితే అది ఐదో వంతు లోడ్, అక్కడ సామర్థ్యం చాలా కిందికి జారుతుంది. 20 శాతం, 50 శాతం లోడ్ దగ్గర సామర్థ్యం ఎంతో కాగితం మీద రాసిమ్మని అడగండి. నేను అడిగితే ఒకాయన వారం రోజులు ఫోన్ ఎత్తలేదు, ఆ కొటేషన్ పక్కన పెట్టేశాను. పెరుగుతుందన్న నమ్మకం నిజంగా ఉంటే, అవసరమైనప్పుడు మాడ్యూల్ తగిలించుకునే రకం తీసుకోవడం మేలు.

ఏ రకం యూపీఎస్ అన్నది మీ లైన్‌ని బట్టి ఉంటుంది. లైన్ ఇంటరాక్టివ్ రకం కరెంటు బాగున్నంతసేపు దాన్ని దాదాపు అలాగే వదులుతుంది, పోగానే కొన్ని మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారుతుంది. ఆ కాస్త ఖాళీని సర్వర్ పవర్ సప్లై తట్టుకుంటుంది. నష్టం తక్కువ, ధర తక్కువ. టౌన్ మధ్యలో, ఒకటి రెండు సర్వర్లకు ఇది చాలు. ఆన్‌లైన్ రకం లైన్ కరెంటును ముందు బ్యాటరీ రకం కరెంటుగా (డీసీ), మళ్లీ లైన్ రకం కరెంటుగా మార్చి ఇస్తుంది. నష్టం ఎక్కువ, కానీ బయట వోల్టేజ్ ఎలా ఆడినా లోపల గీత గీసినట్టు ఉంటుంది. ఊరి బయట, రైస్ మిల్లులు, మోటర్లు, ఏరేటర్లు ఉన్న కరెంటు లైన్ (ఫీడర్) మీద ఉంటే ఇదే తీసుకోండి. ఆన్‌లైన్ యూపీఎస్‌లో, లైన్ బాగున్నంతసేపు కరెంటును మార్చకుండా నేరుగా వదిలే ఎకో మోడ్ అని ఒకటి పెట్టి 98 శాతం అంటారు. అది కూడా లైన్ నిలకడగా ఉంటేనే. మా దగ్గర ఏప్రిల్‌లో పెట్టి చూస్తే సాయంత్రం ఏడింటి నుంచి పదింటి దాకా అటూ ఇటూ మారుతూ టక్ టక్ మంటూనే ఉండేది. తీసేశాం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం ఆన్ చేసి పెడుతున్నాం.

ఇంట్లో వాడే ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ పెట్టేద్దామా అని చాలామంది అడుగుతారు. రౌటర్‌కి, సీసీ కెమెరాలకు భేషుగ్గా పనికొస్తుంది. స్టోరేజ్ సర్వర్‌ని మాత్రం దాని మీద పెట్టొద్దు. మామూలు మోడ్‌లో అది మారే ఖాళీకి సర్వర్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, పైగా ఆసిడ్ ఆవిరి గదిలోనే.

బ్యాటరీల దగ్గర కాస్త ఆగాలి, మన ఎండకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. యూపీఎస్‌తో మామూలుగా ఇచ్చేది ఎస్‌ఎంఎఫ్, అంటే నీళ్లు పోయక్కర్లేని సీసం బ్యాటరీలు. వాటి మీద రాసే ఐదేళ్ల ఆయుష్షు 25 డిగ్రీల గదిలో లెక్క. ఆపైన ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సుమారుగా సగమవుతుంది. మా పాత సెట్‌ని స్థలం లేదని వరండా చివర ఇనుప షీట్ల గదిలో పెట్టించారు. పదహారు బ్యాటరీలు, ఒక్కోటి 12 వోల్టులు, 42 ఆంపియర్ అవర్. రెండో వేసవి అయ్యేసరికి నాలుగు ఉబ్బాయి, పక్కలు పొట్టలా బయటికి వచ్చాయి. టెర్మినళ్ల మీద ఉప్పుగాలికి పచ్చగా తుప్పు. వరసలో కట్టినవి కాబట్టి ఒక్కటి చచ్చినా మొత్తం సెట్ చచ్చినట్టే. మెకానిక్ వచ్చి వేలితో ఒకదాన్ని తట్టి, "ఇవి ఉడికిపోయినయ్ సార్" అన్నాడు. అంతకంటే సరైన మాట ఏ రిపోర్ట్‌లోనూ చదవలేదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలు వేడిని సీసం కంటే బాగా ఓర్చుకుంటాయి. బరువు, చోటు సగం కూడా ఉండవు. పదేళ్ల దాకా వస్తాయని లెక్క వేసుకోవచ్చు. మొదట పెట్టే డబ్బు ఎక్కువే, కానీ ఆ పదేళ్లలో సీసం సెట్లు రెండు మూడు మార్చాల్సి వస్తుంది కదా. ఒక్క విషయంలో అమ్మేవాళ్ల మాట నమ్మకండి. "లిథియం సామర్థ్యం 95 శాతం, సీసం 80 శాతమే, కరెంటు బిల్లు ఎంత మిగులుతుందో చూడండి" అంటారు. ఆ తేడా రోజూ నింపి, రోజూ ఖాళీ చేసేవాళ్లకు. నెలలో నాలుగుసార్లు పది నిమిషాలు వాడే మనకు దానివల్ల మిగిలేది కాఫీ డబ్బులే. లిథియం కొనాల్సింది ఆయుష్షు కోసం, గదిలో చోటు కోసం.

పాత యూపీఎస్‌కి లిథియం తగిలించేముందు దాని సెట్టింగుల్లో లిథియం ఆప్షన్ ఉందో లేదో చూడండి. సీసం బ్యాటరీ వోల్టేజ్ మెట్టు మెట్టుగా దిగుతుంది కాబట్టి యూపీఎస్ దాన్ని చూసి ఎంత మిగిలిందో చెబుతుంది. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ చివరిదాకా దాదాపు ఒకే మట్టాన ఉండి ఉన్నట్టుండి కూలుతుంది. డిస్‌ప్లే "ఇంకా ఇరవై నిమిషాలు" అంటుండగానే బ్యాటరీలోని రక్షణ బోర్డు ఠక్కున కట్ చేస్తుంది. సర్వర్లకు ఆగే టైమ్ కూడా దొరకదు. బ్యాటరీ బోర్డు, యూపీఎస్ రెండూ కేబుల్ మీద మాట్లాడుకునే జోడీ అయితేనే తీసుకోండి. ఎల్‌ఎఫ్‌పీ అనే స్పష్టంగా రాయించుకోండి కూడా. ఫోన్లలో, స్కూటర్లలో వాడే కొన్ని లిథియం రకాలకు మంట పట్టే గుణం దీనికంటే ఎక్కువ.

పాత సీసం సెట్‌ని మూలన పడేయకండి. దానికి స్క్రాప్ ధర ఉంటుంది, కొత్త సెట్ బిల్లులో తగ్గించుకోవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే.

జనరేటర్ విషయానికొస్తే, చాలా కాలేజీల్లో ఇప్పటికే ఒకటి ఉంటుంది. 62.5 కేవీఏదో, అంతకంటే పెద్దదో. పగలు మొత్తం బిల్డింగ్‌కి అది సరే. రాత్రి ఒక్క సర్వర్ రూమ్ కోసం దాన్ని తిప్పితే ఏసీతో కలిపి లోడ్ 6 కిలోవాట్లు, డీజిల్ గంటకు నాలుగైదు లీటర్లు. లీటరు 97 రూపాయల లెక్కన యూనిట్ అరవై ఐదు నుంచి ఎనభై రూపాయల దాకా పడుతుంది. పైగా ముప్పై శాతం లోపు లోడ్ మీద రోజూ నడిస్తే డీజిల్ పూర్తిగా కాలక పొగగొట్టంలో నల్లటి జిగట పేరుకుంటుంది, ఇంజన్ పాడవుతుంది. అదే 15 కేవీఏ చిన్న జనరేటర్ అయితే ఆ 6 కిలోవాట్లకు గంటకు రెండు, రెండున్నర లీటర్లు. అయినా యూనిట్ ముప్పై రూపాయల పైమాటే, అంటే లైన్ కరెంటుకు మూడు నాలుగు రెట్లు. ఇంధనం పొదుపు కావాలంటే జనరేటర్‌ని వీలైనంత తక్కువ సేపు నడిపించడమే మార్గం. దాని పని సర్వర్లను మోయడం కంటే ఏసీని మోయడం అనుకోండి.

కొత్తది కొంటే 2023 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) 4 ప్లస్ నిబంధనల మోడల్ అడగాలి. పొగ, మసి చాలా తక్కువ, ధర మాత్రం పాతవాటికంటే ఎక్కువ. సెకండ్ హ్యాండ్‌లో పాతవి చవగ్గా వస్తాయి. ఆసుపత్రి పక్కనో, హాస్టల్ కిటికీ కిందో పెట్టేట్టయితే ఆ చవక మనకొద్దు. యూపీఎస్ కంటే జనరేటర్ కేవీఏ ఒకటిన్నర రెట్లయినా ఉండాలి, లేకపోతే జనరేటర్ కరెంటు బాగాలేదని యూపీఎస్ దాన్ని తీసుకోనంటుంది, జనరేటర్ తిరుగుతూనే ఉంటుంది, బ్యాటరీ దిగుతూనే ఉంటుంది.

దాన్ని ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. 2021 నవంబర్ వరదల్లో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. సెల్లార్‌లో పెట్టిన జనరేటర్ అలాంటి రోజున చేపల తొట్టిలో రాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు ఒకటిన్నర రోజు కరెంటు లేదు. జనరేటర్ ఎత్తైన దిమ్మె మీద ఉంది, బాగానే ఉంది. క్యాన్లలో దాచిన డీజిల్‌లోకి మాత్రం నీరు చేరి ఫిల్టర్ పట్టేసింది. తేమగాలిలో డీజిల్ నెలల తరబడి నిల్వ ఉంటే అడుగున నీరు చేరుతుంది. మూడు నాలుగు నెలలకోసారి కాలేజీ బస్సుకు పోసేసి కొత్తది నింపుకోవడం ఇప్పుడు మా పద్ధతి.

సోలార్ గురించి అందరికీ ఉన్న అపోహ ఒకటి ముందే తీసేయాలి. డాబా మీద బయటి లైన్‌కి కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టిస్తే, కరెంటు పోయిన మరుక్షణం మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అది ఆగిపోతుంది. లైన్ మీద పని చేస్తున్న లైన్‌మన్‌కి మన డాబా నుంచి షాక్ కొట్టకూడదని అలా తయారు చేస్తారు. అది బిల్లు తగ్గించే సాధనం, బ్యాకప్ కాదు. బ్యాకప్ కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కలిపి పెట్టాలి. అయినా నాకు సోలార్ మీద మంచి అభిప్రాయమే ఉంది. మన వైపు ఒక్కో కిలోవాట్‌కి రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. ఏసీ ఎక్కువగా తినేది, ప్యానెల్ ఎక్కువగా ఇచ్చేది ఒకే వేళ. 10 కిలోవాట్ల ప్యానెళ్లు మా గది పగటి ఖర్చులో సగానికి పైగా మోస్తాయి. ఇళ్లకు ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కాలేజీలకు రాదు, ఆ లెక్క వేసుకుని కూర్చోకండి. తీరానికి దగ్గరైతే స్టాండ్లకు జింక్ పూత (గాల్వనైజింగ్) మందంగా ఉండేలా, బోల్టులకు స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. తుపాను గాలికి ముందు ఊగేది బోల్టే.

తిరిగే చక్రంలో శక్తిని దాచే ఫ్లైవీల్, హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ లాంటివి చదవడానికి బాగుంటాయి. పాడైతే బాగుచేసే మనిషి ఎంత దూరం నుంచి రావాలో అడగండి. చెన్నై అయినా పర్లేదు, మూడు గంటల దారి. అంతకంటే దూరమైతే వదిలేయండి.

నన్ను ఎంచుకోమంటే ఇలా ఎంచుకుంటాను. డిపార్ట్‌మెంట్‌లో ఒకటి రెండు సర్వర్లే ఉంటే 2 లేదా 3 కేవీఏ లైన్ ఇంటరాక్టివ్, పది నిమిషాల బ్యాటరీ, జనరేటర్ వద్దు. ఒక ర్యాక్ ఉండి, బయటి సెన్సర్ల నుంచి రాత్రీ పగలూ డేటా వస్తుంటే మాలాగే 6 కేవీఏ ఆన్‌లైన్, ఎల్‌ఎఫ్‌పీ, కంప్యూట్ సర్వర్లు ఐదు నిమిషాలకు ఆగేలా, స్టోరేజ్ రెండు మూడు గంటలు నిలిచేలా. ఏసీ ఒకటి ఇన్వర్టర్ రకం, కాలేజీ జనరేటర్ లైన్ మీద. ఏసీని 18లో పెట్టి గదిని ఐస్‌ఫ్రూట్ బండి చేయనక్కర్లేదు, సర్వర్ ముందు భాగంలో గాలి 27 డిగ్రీల దాకా ఉన్నా ఇబ్బంది లేదు. నాలుగైదు ర్యాకులు దాటితే మాడ్యులర్ యూపీఎస్, సొంత జనరేటర్, సోలార్ మూడూ ఆలోచించాలి. కానీ అంతకు ముందు ఒక ప్రశ్న: ఆ లెక్కలన్నీ ఇక్కడే నడవాలా? ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ లాంటి సూపర్ కంప్యూటర్ల మీద టైమ్ దొరికితే, పెద్ద పని అక్కడికి పంపి డేటా మాత్రం ఇక్కడ ఉంచుకోవచ్చు. కొనని జనరేటర్ డీజిల్ తాగదు.

ఏది కొన్నా, సర్వర్లు వాటంతటవే ఆగే ఏర్పాటు లేకపోతే అంతా వృథా. దానికి నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. యూపీఎస్ నుంచి ఒక కేబుల్ ఒక సర్వర్‌కి వస్తుంది, అది మిగతావాటికి "కరెంటు పోయింది, సర్దుకోండి" అని నెట్‌వర్క్ మీద చెబుతుంది. పొడవాటి జాబ్‌లు నడిపే పిల్లలకు గంటకోసారి చెక్‌పాయింట్ రాయమని, అంటే అప్పటిదాకా అయిన లెక్కను దాచుకోమని చెప్పండి. చెబితే వినరు. ఒకసారి మూడు రోజుల లెక్క పోయాక వింటారు.

అన్నీ పెట్టాక ఒక ఆదివారం పొద్దున, ఎవరూ లేనప్పుడు, మేమే మెయిన్ స్విచ్ కట్ చేసి చూశాం. యూపీఎస్ అందుకుంది. ఐదు నిమిషాలు గడిచాయి. ఒక్క సర్వర్ ఆగింది, మిగతా మూడూ ఏమీ జరగనట్టు తిరుగుతున్నాయి. అరగంట వెతికాం. ర్యాక్ వెనక ఉన్న నెట్‌వర్క్ స్విచ్ ప్లగ్ యూపీఎస్‌కి కాకుండా గోడ సాకెట్‌కి పెట్టి ఉంది. కరెంటుతో పాటే అదీ పోయింది, కబురు మోసే దారే లేదు. మా అటెండర్ బజారుకు వెళ్లి రెండు మీటర్ల వైరు, ప్లగ్ తెచ్చాడు. పదకొండున్నరకు మళ్లీ మెయిన్ కట్ చేశాం.